పదో తరగతి నుంచి వైర్‌మన్ పర్మిట్ దాకా: ఎలక్ట్రీషియన్ అవ్వాలంటే ఏ దారిలో వెళ్లాలి

"మావాడు పది పాసయ్యాడు, కరెంటు పని నేర్చుకుంటానంటున్నాడు, ఎక్కడ చేర్పించమంటావ్?" అని ఏటా రిజల్ట్స్ వచ్చాక నన్ను అడిగేవాళ్లు కనీసం నలుగురైదుగురు ఉంటారు. అడిగేది అమ్మానాన్నలే అయినా నేర్చుకోవాల్సింది నువ్వు కాబట్టి నీతోనే మాట్లాడతాను. ఆంధ్రాలో, తెలంగాణలో ఉన్న దారులేమిటి, ఏది ఎవరికి పనికొస్తుంది, ఎక్కడ మోసపోతారు అనేది నాకు తెలిసినంతవరకు చెప్తాను.

ముందు ఒక విషయం తేల్చుకుందాం. పని రావడం వేరు, క్వాలిఫైడ్ అవ్వడం వేరు. స్విచ్‌బోర్డు బిగించడం, ఫ్యాన్ వేలాడదీయడం ఆరు నెలలు ఎవరి వెంటైనా తిరిగితే వచ్చేస్తుంది. కానీ కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు (ఇప్పుడున్నవి 2023వి, అంతకుముందు 2010వి) ఏమంటాయంటే, బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్ మార్చడంలాంటి చిన్న పనులు పోను, కొత్త వైరింగ్ గానీ ఉన్న వైరింగ్‌లో మార్పులు గానీ లైసెన్స్ ఉన్న కాంట్రాక్టరే చేయించాలి, కాంపిటెన్సీ సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజర్ దగ్గరుండి చూడాలి, చేసే మనిషికి పర్మిట్ ఉండాలి. ఆ చివర చెప్పిన పర్మిట్‌నే మనం వైర్‌మన్ పర్మిట్ అంటాం. మన చుట్టూ పని చేసేవాళ్లలో చాలామందికి అది లేదు. నాకూ చాలా ఏళ్లు లేదు. ఆరేళ్లు హెల్పర్‌గా, తర్వాత సొంతంగా పని చేశాక, ఒక పెద్ద అపార్ట్‌మెంట్ పనిలో "పర్మిట్ నంబర్ చెప్పు" అని అడిగితే నోట మాట రాలేదు. నాకంటే పదేళ్లు చిన్నవాడు, ఐటీఐ చేసి పర్మిట్ తెచ్చుకున్నవాడు, ఆ పనికి ఇన్‌ఛార్జిగా వచ్చాడు. పని నాకే బాగా వచ్చు, సంతకం మాత్రం అతనిది. అందుకే మొదటి రోజు నుంచే చివరి కాగితం ఏదో తెలుసుకుని బయల్దేరమంటాను.

అందరికీ సరిపోయే దారి: ఐటీఐ

ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ రెండేళ్లు. పదో తరగతి పాసై ఉండాలి, మ్యాథ్స్, సైన్స్ చదివి ఉండాలి. 14 ఏళ్లు నిండితే చేరొచ్చు. సీట్లు ఎక్కువగా పదో తరగతి మార్కుల మెరిట్ మీద, ఆన్‌లైన్ అప్లికేషన్‌తో విడతలవారీగా నింపుతారు. మొదటి విడతలో ప్రభుత్వ ఐటీఐలో ఎలక్ట్రీషియన్ సీటు రాకపోతే కంగారుపడి వేరే ట్రేడ్‌లో చేరిపోకుండా తర్వాతి విడతల దాకా ఆగు. పక్కనే వైర్‌మన్ అని ఇంకో ట్రేడ్ కూడా ఉంటుంది, దానికి ఎనిమిదో తరగతి చాలు, అదీ రెండేళ్లే. రెండూ ఒకటే అని కొందరు చెప్తారు గానీ కాదు. ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌లో మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, స్టార్టర్లు, ప్యానెళ్లు, వైండింగ్, సోలార్ దాకా ఉంటాయి, వైర్‌మన్ ట్రేడ్ బరువంతా వైరింగ్ మీదే ఉంటుంది. పది పాసైన పిల్లాడు ఎలక్ట్రీషియన్‌లోనే చేరాలి, ఫ్యాక్టరీల్లో అడిగేది దాన్నే.

రెండేళ్ల తర్వాత ఆలిండియా ట్రేడ్ టెస్ట్ రాస్తే నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్, అంటే ఎన్‌టీసీ వస్తుంది. దేశంలో ఎక్కడైనా చెల్లేది అదే. ఇక్కడే మోసం జరుగుతుంది. బస్టాండ్ దగ్గర బోర్డు పెట్టుకుని "ఆరు నెలల్లో ఐటీఐ", "కాలేజీకి రాకుండా ఐటీఐ" అనేవాళ్ల దగ్గర డబ్బు కట్టకు. ఈ పరీక్షకు కూర్చోవాలంటే 80 శాతం హాజరు ఉండాలి, రెండేళ్ల కోర్సు ఆరు నెలల్లో అవ్వదు. చేరే ముందు ఆ ఐటీఐకి కేంద్ర శిక్షణ డైరెక్టరేట్ డీజీటీ అఫిలియేషన్ (ఇంకా చాలామంది పాత పేరుతో ఎన్‌సీవీటీ అంటారు) ఉందా, అందులోనూ ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌కే ఉందా అని కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో కోడ్ కొట్టి చూడు. ఒక ట్రేడ్‌కి అఫిలియేషన్ ఉండి ఇంకోదానికి లేని ప్రైవేటు ఐటీఐలు ఉంటాయి.

పోర్టల్ చూశాక ఒకసారి స్వయంగా వెళ్లి వర్క్‌షాప్ చూడు. ఆఫీసులో కూర్చోబెట్టి ఫీజు మాట్లాడి పంపేస్తే అనుమానించాల్సిందే. ఎలక్ట్రీషియన్ ల్యాబ్ తలుపు తీయించి, మోటార్ల మీద దుమ్ము ఎంత ఉందో చూడు. త్రీఫేజ్ మోటార్, దాన్ని ఆన్ చేసే డీఓఎల్ స్టార్టర్, స్టార్-డెల్టా స్టార్టర్, ఇన్సులేషన్ బాగుందో లేదో కొలిచే మెగ్గర్, వైరింగ్ ప్రాక్టీసు చేసే చెక్క బోర్డులు, ఇవి కనిపించాలి. చెక్క బోర్డులకి స్క్రూ రంధ్రాలు గుంటలు పడిపోయి ఉన్నాయంటే అక్కడ పిల్లలు నిజంగానే బిగిస్తూ విప్పుతూ ఉన్నారన్నమాట. సీనియర్ కుర్రాడిని పక్కకి పిలిచి "మెగ్గర్ నువ్వు చేత్తో పట్టుకున్నావా, సార్ పట్టుకుంటే చూశావా?" అని అడుగు. దానికి వచ్చే జవాబు ప్రాస్పెక్టస్ కంటే ఎక్కువ చెప్తుంది.

తెలంగాణలో 2024 నుంచి 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలైంది. అక్కడ రోబోటిక్స్, సీఎన్‌సీ మెషీన్ల కోర్సులు వచ్చాయి, మంచిదే. అయితే కొత్త బిల్డింగ్ మెరుపు చూసి ఎలక్ట్రీషియన్ అవ్వాలనుకున్నవాడు వేరే కోర్సులో పడిపోకూడదు. ఏ ట్రేడ్ సర్టిఫికెట్ చేతికొస్తుందో అడిగి చేరు.

ఐటీఐలో ఉన్నప్పుడు ఏం పట్టుకోవాలి

మొదటి ఏడాది జాయింట్లు నేర్పుతారు: మ్యారీడ్ జాయింట్, బ్రిటానియా జాయింట్, వెస్ట్రన్ యూనియన్ జాయింట్. ఇప్పుడు ఎవరు వేస్తారు ఇవి, కనెక్టర్లు ఉన్నాయి కదా అని పిల్లలు తేలిగ్గా తీసుకుంటారు. నేనైతే వాటిని వదలొద్దంటాను. ఎందుకంటే జాయింట్ వేస్తున్నప్పుడే వైరు ఒలవడం వస్తుంది. ఇన్సులేషన్ మీద కత్తి నిటారుగా పెట్టి చుట్టూ కోస్తే లోపలి రాగి తీగ మీద సన్నటి గీత పడుతుంది, కంటికి కనపడదు, రెండుసార్లు వంచితే అక్కడే తెగుతుంది. మల్టీస్ట్రాండ్ వైరులో ఐతే నాలుగైదు పోగులు తెగి మిగతా పోగుల మీద లోడ్ పడి ఆ చోట వేడెక్కుతుంది. గీజర్ పాయింట్లలో కాలిపోయిన సాకెట్లు విప్పి చూస్తే చాలాసార్లు కథ ఇదే, లేకపోతే సరిగ్గా బిగించని స్క్రూ. కత్తిని పెన్సిల్ చెక్కినట్టు ఏటవాలుగా పెట్టి ఒలిచే అలవాటు ఆ చెక్క బోర్డు దగ్గరే చేతికి రావాలి. సైట్ మీద మేస్త్రీ తొందర పెడుతుంటే అప్పుడు రాదు.

రెండోది లెక్క. వర్క్‌షాప్ క్యాలిక్యులేషన్ అంటే బోర్ అనిపిస్తుంది, నాకు తెలుసు. కానీ 2 కిలోవాట్ల గీజర్ 230 వోల్టుల మీద దాదాపు 9 ఆంపియర్లు లాగుతుందని నోటితో చెప్పలేనివాడు, ఏ వైరు వేయాలో, ఏ ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) పెట్టాలో పక్కవాణ్ని అడుగుతూనే ఉంటాడు. ఇంకో మాట, ఇది చాలామంది సీనియర్లకీ తెలియదు: ఎంసీబీ మనిషిని కాపాడదు. 16 ఆంపియర్ల ఎంసీబీ దానికి మించి కరెంటు పారితేనే పడుతుంది, మనిషి ప్రాణం పోవడానికి అందులో వందో వంతు కూడా అక్కర్లేదు. మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే లైన్ కట్ చేసే స్విచ్, దానికి తోడు సరైన ఎర్తింగ్. ఈ తేడా ఎవరికైనా వివరించి చెప్పగలిగేంతగా నేర్చుకో, అప్పుడు సగం ఎలక్ట్రీషియన్‌వి అయినట్టే.

అప్రెంటిస్‌షిప్ వదులుకోవద్దు

సర్టిఫికెట్ చేతికి రాగానే ఎక్కడో చిన్న ఉద్యోగంలో చేరిపోయి అప్రెంటిస్‌షిప్ వదిలేసేవాళ్లు చాలామంది. ఇంట్లో పరిస్థితి బట్టి తప్పనివాళ్లు ఉంటారు, వాళ్లని ఏమీ అనను. వీలున్నవాళ్లు మాత్రం ఆ ఏడాది ఆగాలి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం 30 మంది, అంతకుమించి పనిచేసే సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకోవాల్సిందే. ఐటీఐ ఎలక్ట్రీషియన్‌కి ఏడాది. స్టైపెండ్ వస్తుంది, బ్యాంకు ఖాతాలో పడుతుంది. జీతంతో పోలిస్తే తక్కువే, కానీ సబ్‌స్టేషన్ లోపలికి, హెచ్‌టీ (హైటెన్షన్) ప్యానెల్ ముందుకి నిన్ను ఊరికే ఎవరూ రానివ్వరు కదా. అప్రెంటిస్ ఇండియా పోర్టల్‌లో రిజిస్టర్ అయితే రైల్వే, ఎన్టీపీసీ, బీహెచ్‌ఈఎల్, సింగరేణి, విశాఖ స్టీల్‌ప్లాంట్‌లాంటి చోట్ల నోటిఫికేషన్లు వచ్చినప్పుడు అప్లై చేయొచ్చు. చివర్లో పరీక్ష పెట్టి నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ ఇస్తారు, అదే ఎన్‌ఏసీ. (హైదరాబాద్‌లో నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ అని ఇంకో న్యాక్ ఉంది. దాని సర్టిఫికెట్ చేతిలో పెట్టుకుని అప్రెంటిస్ చేశాననుకున్న కుర్రాణ్ని చూశాను. రెండూ వేరు.)

పెద్ద సంస్థ దొరక్కపోతే చిన్న ఫ్యాక్టరీ అయినా ఫర్వాలేదు, ఒక రకంగా అక్కడే చేతికి ఎక్కువ పని దొరుకుతుంది. ముందే ఒకటి కనుక్కో, మెయింటెనెన్స్‌లో పెడతారా, లేక ప్యాకింగ్‌లో నిలబెడతారా అని. అప్రెంటిస్ పేరు చెప్పి అట్టపెట్టెలు మోయించే చోట్లున్నాయి.

మిగతా దారులు

ఇంటర్ వొకేషనల్‌లో ఎలక్ట్రికల్ టెక్నీషియన్ కోర్సు ఉంది, రెండేళ్లు. ఇంటర్ సర్టిఫికెట్ కావాలి, ట్రేడూ కావాలి అనుకునేవాళ్లకి అది బాగుంటుంది. డిస్కమ్‌లు (కరెంటు పంపిణీ సంస్థలు) వేసే జూనియర్ లైన్‌మన్ నోటిఫికేషన్లలో ఐటీఐ ఎలక్ట్రికల్ లేదా వైర్‌మన్ ట్రేడ్‌తోపాటు ఈ వొకేషనల్ వాళ్లనీ తీసుకున్నారు. ఆ ఉద్యోగానికి స్తంభం ఎక్కే పరీక్ష ఉంటుంది. దీనికి అమ్మాయిలు పనికిరారని ఎవరైనా అంటే నమ్మొద్దు చెల్లీ, తెలంగాణలో ఇద్దరు అమ్మాయిలు హైకోర్టుకి వెళ్లి పోల్ టెస్ట్‌కి అనుమతి తెచ్చుకుని, ఎక్కి చూపించారు, వాళ్లలో శిరీష ఉద్యోగంలో కూడా చేరింది. ఇక ఇళ్లల్లో పనికి వెళ్లే మహిళా ఎలక్ట్రీషియన్ అంటే, పగలు ఆడవాళ్లు ఒక్కళ్లే ఉండే ఇళ్లు ముందు నిన్నే పిలుస్తాయి.

పాలిసెట్ రాసి డిప్లొమా ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్) మూడేళ్లు చేయడం ఇంకో దారి. డిప్లొమా చేసినవాడు సూపర్‌వైజర్ వైపు వెళ్తాడు, ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఐటీఐ చేసినవాళ్లకి కూడా డిప్లొమా రెండో ఏడాదిలోకి లేటరల్ ఎంట్రీ ఉంది, తెలంగాణలో దానికి ఎల్‌పీసెట్ పెడతారు. కాబట్టి ఐటీఐలో చేరితే చదువు అక్కడితో ఆగిపోతుందన్న భయం అమ్మానాన్నలకి అక్కర్లేదు. చెయ్యి ఆడాలని ఉంటే ఐటీఐ, డ్రాయింగులు, లెక్కలు, మనుషులతో పని చేయించడం ఇష్టమైతే డిప్లొమా. ఇష్టం లేకుండా డిప్లొమాలో చేరి మ్యాథ్స్‌లో బ్యాక్‌లాగ్‌లు మిగిలిపోయిన పిల్లలకంటే ఐటీఐ, అప్రెంటిస్ చేసినవాళ్లు ముందుగా నిలదొక్కుకోవడం నేను చూశాను.

పది ఫెయిలైతేనో, వెంటనే సంపాదించాల్సి వస్తేనో పొట్టి కోర్సులున్నాయి. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో హౌస్ వైరింగ్ ఉచితంగా, అక్కడే ఉండి తిని నేర్చుకునేలా నేర్పుతారు. ఇందాక చెప్పిన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్‌లోనూ, పోచంపల్లి దగ్గర జలాల్‌పూర్‌లో ఉన్న స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థలోనూ ఇలాంటి శిక్షణ దొరుకుతుంది. వీటితో పని మొదలుపెట్టొచ్చు, ఐటీఐకి సమానం మాత్రం కాదు.

ఇప్పటికే హెల్పర్‌గా ఏళ్లు గడిచిపోయినవాళ్లు, అంటే ఒకప్పటి నాలాంటివాళ్లు, వయసు అయిపోయిందని వదిలేయొద్దు. అనుభవం చూపించి ప్రైవేటు అభ్యర్థిగా ఆలిండియా ట్రేడ్ టెస్ట్ రాసే వీలుంది, దగ్గర్లోని ప్రభుత్వ ఐటీఐలో అడిగితే చెప్తారు. ఉన్న నైపుణ్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ కూడా ఉంది, అది దేనికి చెల్లుతుందో చూసుకుని తీసుకో.

సోలార్ గురించి ఈమధ్య అందరూ అడుగుతున్నారు. 2024లో పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక ఇళ్ల మీద ప్యానెళ్ల పని బాగా పెరిగింది. సూర్యమిత్ర అని 600 గంటల శిక్షణ ఉంది. ఎలక్ట్రీషియన్ ట్రేడ్ అయ్యాక దాన్ని జోడించుకుంటే మంచిదే, దానితోనే మొదలుపెడితే డీసీ వైరు లాగడం వరకే మిగిలిపోతావు.

మెయిన్ ఆఫ్ చేశాం కదా అన్న రోజు

ఏ దారిలో వెళ్లినా ఇది మాత్రం చెప్పకుండా వదలను. నేను హెల్పర్‌గా ఉన్న రెండో ఏడు, ఒక ఇంట్లో హాల్‌లో సీలింగ్ పాయింట్ మార్చాలి. మేస్త్రీ మెయిన్ ఆఫ్ చేశాడు, నేనే వెళ్లి చూశాను, మెయిన్ కిందకే ఉంది. స్టూలెక్కి సీలింగ్ రోజ్ (పైకప్పుకి బిగించే గుండ్రటి కనెక్షన్ డబ్బా) విప్పి వైరు పట్టుకున్నాను. తర్వాత గుర్తున్నది నేల మీద వెల్లకిలా ఉండటం, మోచెయ్యి దగ్గర చర్మం లేచిపోయి ఉండటం. ఆ ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. మెయిన్ తీసినా లైట్లకీ ఫ్యాన్లకీ బ్యాటరీ నుంచి కరెంటు వస్తూనే ఉంటుంది కదా, ఆ పాయింట్ ఇన్వర్టర్ లైన్‌లో ఉందని మాకెవరికీ తట్టలేదు. స్టూలు మీంచి పడటం వల్లే చెయ్యి వదిలింది, లేకపోతే ఇది రాసేవాణ్ని కాదు.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది, నువ్వూ మొదటి రోజు నుంచి చెయ్యి. ఇంట్లోకి వెళ్లగానే ఇన్వర్టర్, జనరేటర్, సోలార్ ఏమున్నాయో అడుగు. అన్నీ ఆఫ్ చెయ్యి, వీలుంటే తాళం వెయ్యి, లేకపోతే ఒక మనిషిని నిలబెట్టు. తర్వాత మీటరో టెస్ట్ ల్యాంపో తీసుకుని ముందు కరెంటు ఉన్నచోట పెట్టి అది పనిచేస్తోందని చూడు, అప్పుడు నువ్వు ముట్టుకోబోయే చోట పెట్టు, ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ, ఫేజ్‌కీ ఎర్త్‌కీ, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ. మళ్లీ కరెంటు ఉన్నచోట పెట్టి మీటరు మధ్యలో చావలేదని నిర్ధారించుకో. జేబులో ఉండే స్క్రూడ్రైవర్ టెస్టర్ వెలగలేదు కాబట్టి కరెంటు లేదు అనుకోవద్దు, పొడి స్టూలు మీద రబ్బరు చెప్పులతో నిలబడితే అది సరిగ్గా వెలగకపోవచ్చు. లైన్ మీద పనైతే ఎల్‌సీ, అంటే లైన్‌లో కరెంటు ఆపామని చెప్పే లైన్ క్లియర్, తీసుకోకుండా, ఎర్త్ రాడ్ వేయకుండా ఎవరు ఎక్కమన్నా ఎక్కకు. "రెండు నిమిషాల పనే కదా" అన్నా సరే. ఇది నేర్పని మేస్త్రీ దగ్గర ఎంత పని దొరికినా వేరేవాళ్లని వెతుక్కోమనే చెప్తాను.

చివరి మెట్టు: పర్మిట్

ఐటీఐ, అప్రెంటిస్ అయ్యాయి, ఉద్యోగమో సొంత పనో దొరికింది, ఇక చాలనుకుని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. వైర్‌మన్ పర్మిట్ ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వం తరఫున ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు, చీఫ్ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ విభాగం. 18 ఏళ్లు నిండాక అప్లై చేయొచ్చు. ఏ సర్టిఫికెట్‌కి ఎంత అనుభవం కావాలి, ఎవరు పరీక్ష రాయాలి, ఫీజు ఎంత అనేవి ఆ రాష్ట్ర నిబంధనల్లో రాసి ఉంటాయి, ఏజెంటుని పట్టుకోకుండా విభాగం వెబ్‌సైట్‌లోనే చదువుకో. పర్మిట్‌కి గడువు ఉంటుంది, రెన్యువల్ మర్చిపోతే మళ్లీ తిరగాలి. దానిమీద ఇంకొన్నేళ్లు అనుభవం వచ్చాక సూపర్‌వైజర్ కాంపిటెన్సీ సర్టిఫికెట్, ఆ తర్వాత కాంట్రాక్టర్ లైసెన్స్. పాఠం చెప్పడం ఇష్టమైతే హైదరాబాద్‌లోని జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థలో ఏడాది ఇన్‌స్ట్రక్టర్ కోర్సు చేసి ఐటీఐలోనే మాస్టారుగా కూడా వెళ్లొచ్చు.

పర్మిట్ దగ్గర ఎక్కువమంది ఇరుక్కునేది అనుభవ ధ్రువపత్రం దగ్గర. నాలుగేళ్లు పని చేసి ఉంటారు, చేశామని చూపే కాగితం ఒక్కటీ ఉండదు. పాత కాంట్రాక్టర్ ఫోన్ ఎత్తడు, ఎత్తినా "ఎప్పుడు చేశావురా" అంటాడు. కాబట్టి ఒక్కో చోట పని మానేసే రోజునే లెటర్‌హెడ్ మీద రాయించుకో: ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ పని చేశావు, ఆయన లైసెన్స్ నంబరు, సంతకం, స్టాంపు. ఫోన్‌లో ఫొటో తీసి ఒక కాపీ అమ్మకి పంపు. ఒరిజినల్ మాత్రం పదో తరగతి మెమో, ఎన్‌టీసీ, ఎన్‌ఏసీ ఉన్న కవర్లోనే పెట్టు, లామినేషన్ చేయించకు.